యుద్ధ నియమములు - బాలుర విద్య

యుద్ధము సంభవించినపుడు ధర్మమునకు తావెక్కడిదని పలువురు ప్రశ్నింతురు. నిద్రించుచున్నవారిని అశ్వత్థామ వధించిన కృత్యమును మన భారతకథ అధర్మముగనే యెంచినది. కావున పోరునకును హద్దు కలదను భావము మనకు క్రొత్త కాదు. ఆ హద్దును దేశములన్నియు అంగీకరించిన శాసనముగా రూపొందించుట మాత్రము ఆధునిక కాలపు కృషి.

1859 జూన్ 24వ తేదీన ఉత్తర ఇటలీయందలి సాల్ఫెరినో వద్ద జరిగిన యుద్ధమున దాదాపు 40,000 మంది హతులును క్షతగాత్రులును అయిరి. దిక్కులేక పడియున్న క్షతగాత్రులను చూచి చలించిన జినీవా వర్తకుడు హెన్రీ డునాంట్ 1862లో ఒక గ్రంథమును ప్రకటించెను. తత్ఫలితముగా 1863లో రెడ్ క్రాస్ ఉద్యమమునకు అంకురార్పణ జరిగెను; 1864లో మొదటి జినీవా ఒడంబడిక వెలసెను. అది గాయపడిన సైనికుల రక్షణకే పరిమితము. రెండవ ప్రపంచ యుద్ధమున నగరములపై బాంబులు కురిసి సామాన్య ప్రజలు లక్షల సంఖ్యలో మడియగా, ఆ రక్షణ చాలదని తేలినది. అందుచే 1949 ఆగస్టు 12న నాలుగు ఒడంబడికలు కుదిరినవి. భూమిపైనను సముద్రముపైనను గాయపడిన సైనికులకు మొదటి రెండును, యుద్ధఖైదీలకు మూడవదియు, పౌరులకు నాలుగవదియు వర్తించును. వీని అమలునకై భారత పార్లమెంటు 1960లో చట్టము చేసినది.

నాలుగవ ఒడంబడికలోని 50వ అధికరణము మనవంటివారు ప్రత్యేకముగా గమనింపదగినది. పరదేశమును ఆక్రమించిన ప్రభుత్వము అచ్చటి బాలుర విద్యాసంస్థలు చక్కగా నడచుటకు తోడ్పడవలెను. ఆ సంస్థలు చాలనిచో, ఆదుకొను ఆప్తులు లేక, తల్లిదండ్రులను కోల్పోయిన లేదా వారి నెడబాసిన పిల్లలకు, వీలైనంతవరకు వారి జాతికి, భాషకు, మతమునకు చెందినవారి చేతనే పోషణమును విద్యయు లభించునట్లు చూడవలెను. నిలువ నీడలేని బిడ్డకు అన్నముతోపాటు తన భాషయు కావలెనని శత్రువునకు సైతము విధించిన నియమమిది!

నియమమున్నంతమాత్రమున ఉల్లంఘన లేకపోదు. నేటి యుద్ధములందును బడులు కూలుచునే యున్నవి. అయినను నియమమే లేనిచో నేరమును నేరమని చెప్పుటకు ఆధారముండదు. సైనిక లక్ష్యములు కాని విద్యాలయములపై బుద్ధిపూర్వకముగా దాడి చేయుట యుద్ధనేరమని 1998 నాటి రోమ్ శాసనము స్పష్టపరచినది. భారతదేశ మందు చేరకపోయినను, ఆ సూత్రపు విలువ తగ్గదు.

మన రాజ్యాంగమున 1956లో చేర్చబడిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. యుద్ధకాలమున శత్రువునుండి సైతము కోరదగిన దానిని, శాంతికాలమున మన యిండ్లలో మనమే విడనాడుట తగునా? తల్లిదండ్రులు యోచింతురు గాక.