మడమ దించమని చెప్పే ముందు

రైడింగ్ క్లాసు అయిపోయి కారు ఎక్కగానే పిల్లలు ముందు నీళ్లు అడుగుతారు, ఆ వెంటనే ఫోన్ అడుగుతారు. కంచె అవతల నిలబడి అమ్మో నాన్నో తీసిన ఫొటోలు చూసుకోవాలని వాళ్ల ఆత్రం. సరిగ్గా అప్పుడే ముందు సీట్లోంచి ఒక మాట పడుతుంది: "చూడు, ఎట్లా వంగిపోయి కూర్చున్నావో! సార్ ఎన్నిసార్లు చెప్పారు?" ఆ మాట అన్నవాళ్లకు బిడ్డ మీద ప్రేమే తప్ప మరొకటి లేదు. అయినా అక్కడి నుంచి ఆ పిల్ల ఫొటోలో గుర్రాన్ని చూడదు, సంతోషంగా గడిపిన గంటనూ చూడదు. తన వంకరే చూసుకుంటుంది. పిల్లలు కూర్చునే తీరు గురించి మాట్లాడొద్దని నేను అనను. మాట్లాడాలి. ఎప్పుడు, ఎంత, దేని గురించి అన్నది తెలుసుకుని మాట్లాడాలి.

హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్, గండిపేట వైపు వెళ్తే సెలవు రోజుల్లో గుర్రాల మీద చిన్నపిల్లలు బాగానే కనిపిస్తారు. 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా కలిసి, గుర్రం చేత వరసగా కదలికలు చేయించి చూపే పోటీ అయిన డ్రెసాజ్‌లో జట్టు స్వర్ణం గెలిచారు. గుర్రపు స్వారీలో 41 ఏళ్ల తర్వాత మన దేశానికి వచ్చిన స్వర్ణమది. ఆ వార్తతో ఈ ఆట పేరు మొదటిసారి విన్న ఇళ్లు చాలానే ఉంటాయి. పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది ఎన్నడూ గుర్రం ఎక్కినవాళ్లు కారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఫొటోలో ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో తెలిస్తే చాలు.

నేర్పేవాళ్లు ఫొటోలో ముందుగా ఒక గీత వెతుకుతారు. చెవి, భుజం, తుంటి, మడమ: ఈ నాలుగూ పైనుంచి కిందికి ఒకే నిలువు గీత మీద ఉండాలి. ఇంకో గీత మోచేతి దగ్గర మొదలై మణికట్టు మీదుగా, పగ్గాల వెంట గుర్రం నోట్లోని బిట్ దాకా వంకర లేకుండా వెళ్లాలి. ఉన్నట్టుండి కింద గుర్రం మాయమైపోతే పిల్ల వెనక్కి కూలబడకుండా, ముందుకు తూలకుండా తన కాళ్ల మీద తాను నిలబడగలగాలి. ఇదేమీ కొత్త పాఠం కాదు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో, రికాబులంటే ఏమిటో తెలియని రోజుల్లోనే గ్రీకు సేనాని జెనొఫోన్ స్వారీ గురించి పుస్తకం రాశాడు. గుర్రం మీద కుర్చీలో కూర్చున్నట్టు కాకుండా, కాళ్లు ఎడం చేసి నిలబడినట్టు ఉండాలని అప్పుడే చెప్పాడు.

అయితే ఈ గీత అన్ని ఫొటోలకూ పనికిరాదు. గుర్రం అడ్డంకి దూకుతున్నప్పుడు తుంటి వెనక్కి, భుజాలు ముందుకు, చేతులు గుర్రం మెడ వెంట ముందుకు పోవాలి. ఒకప్పుడు దూకేటప్పుడు రౌతులు వెనక్కి వాలేవారు. ఇటలీ అశ్వికదళ అధికారి ఫెదెరికో కాప్రిల్లి ఆ పద్ధతి తప్పని వాదించి, గుర్రంతోపాటు ముందుకు వెళ్లే తీరు నేర్పాడు. జంపింగ్ ఫొటోలో మీ అబ్బాయి ముందుకు వంగి కనిపిస్తే కంగారుపడకండి. చేతులు జూలు మీద ఆని, పగ్గాలు కాస్త వదులుగా ఉన్నాయంటే గుర్రం నోరు నొప్పించకుండా దూకాడని అర్థం. ఆ సంగతి గమనించి చెప్పండి. వాడి మనసులో బాగా నిలుస్తుంది.

ట్రాట్‌లో తీసిన ఫొటో మరీ మోసం చేస్తుంది. ట్రాట్‌లో గుర్రం ముందు కుడికాలు, వెనక ఎడమకాలు కలిపి వేస్తుంది, ఆ తర్వాత మిగతా జత. రెండు దెబ్బల తాళం. పిల్ల ఒక దెబ్బకు జీను మీంచి లేచి, రెండో దెబ్బకు కూర్చుంటుంది. లేచిన క్షణంలో నడుం పైభాగం కొంచెం ముందుకు ఉండడం సహజం, ఉండాలి కూడా. మీ ఫోన్ ఆ క్షణాన్నే పట్టుకుంటే పిల్ల ముందుకు పడిపోతున్నట్టు కనిపిస్తుంది. కూర్చునే క్షణాన్ని పట్టుకుంటే అదే పిల్ల చక్కగా ఉంటుంది. 1878లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని ఫొటోలు తీసినప్పుడు ఒక్క కెమెరాతో సరిపెట్టలేదు, వరసగా కెమెరాలు పెట్టాడు. గాలప్‌లో నాలుగు కాళ్లూ గాల్లో ఉండే క్షణం నిజంగా ఉందని, అప్పుడు కాళ్లు చాచుకుని కాకుండా పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయని ఆ వరసలోనే తేలింది. అంతకుముందు చిత్రకారులు ఎన్నో బొమ్మల్లో కాళ్లు ముందుకూ వెనక్కూ చాచి గీసేవారు. మీ ఫోన్‌లోనూ వరసగా తీసే వీలుంది. ఒక చుట్టు మొత్తం తీసి, అన్నిట్లోనూ కనిపించేదేదో చూడండి. ఒక్క ఫొటోలో కనిపించి మిగతావాటిలో లేనిదాన్ని వదిలేయండి.

రైడింగ్ స్కూళ్లలో రోజూ ఎవరో ఒకరు తీసే ఫొటో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. పదకొండేళ్ల అమ్మాయి, గోధుమరంగు గుర్రం, ట్రాట్. మడమ పైకి లేచింది, కాలి వేళ్లు నేలను చూస్తున్నాయి. మోకాలి కింది భాగం వెనక్కి జారిపోయింది. భుజాలు ముందుకొచ్చాయి. చూపు గుర్రం చెవుల మధ్యలోంచి ముందుకు పోకుండా మెడ మీదే ఆగింది. రెండు పిడికిళ్లూ జీను అంచుకు ఆని ఉన్నాయి. కంచె పక్క నిలబడిన నాన్నకు ఇవి అయిదు తప్పులు. అయిదూ చెబుతాడు కూడా.

నిజానికి అక్కడున్నది ఒకటే. ఆ అమ్మాయి మోకాళ్లతో జీనును గట్టిగా పట్టుకుంది. మోకాలు బిగుసుకుంటే తొడ కిందికి సాగదు, పిక్క వెనక్కి పోతుంది, మడమ లేస్తుంది. కింద ఆధారం పోయింది కాబట్టి ఒళ్లు ముందుకు తూలుతుంది, చేతులు ఏదో ఒకటి పట్టుకోవాలని చూస్తాయి. మరి మోకాళ్లు ఎందుకు బిగిశాయి? భయం వల్ల కావచ్చు. మన స్కూళ్లలో చాలా గుర్రాలు రేసుకోర్సుల నుంచి వచ్చినవే, వాటి ట్రాట్ చురుగ్గా, ఎత్తి వేసేలా ఉంటుంది. లేదా రికాబులు ఆమె కాళ్లకు మరీ కిందికి ఉండవచ్చు. అందని రికాబును వేళ్లతో వెతుక్కునే పిల్లకు మడమ ఎలా దిగుతుంది? రికాబు పొడవు చూడడానికి నేర్పేవాళ్లు ఒక కొండగుర్తు చెబుతారు. జీనులో రికాబు తోలు మొదలయ్యే చోట వేలి కొసలు ఆనించి, చేయి చాపి, రికాబును చంక దాకా లాగి చూడాలి. అక్కడికి సుమారుగా చేరితే పొడవు సరిపోయినట్టే. తేడా ఉంటే ఒకటి రెండు రంధ్రాలు కుదిస్తే చాలు. ఆ చిన్న పని చేయకుండా "మడమ దించు, మడమ దించు" అని కేకేస్తే పిల్ల పాదాన్ని బలవంతంగా ముందుకు తోసి, చీలమండ బిగబడుతుంది. మీకు ఫొటోలో మడమ దిగినట్టే కనిపిస్తుంది. గుర్రానికి మాత్రం వీపు మీద ఒక కర్ర కూర్చున్నట్టే ఉంటుంది.

దీనికి తలకిందులుగా ఉండే ఫొటో కూడా మీ ఫోన్‌లో ఉండే ఉంటుంది. పిల్లవాడు జీను వెనక భాగంలో కూలబడి, కాళ్లు ముందుకు చాపి కుర్చీలో కూర్చున్నట్టు ఉంటాడు. బద్ధకం అనేస్తారు. చాలాసార్లు ఆ జీను పెద్దవాళ్ల కొలత. అందులో ఎనిమిదేళ్ల పిల్లాడు ఎటు కూర్చున్నా వెనక్కే జారతాడు. పిల్లాణ్ణి ఏమీ అనకండి. "వీడికి చిన్న జీను దొరుకుతుందా?" అని ట్రైనర్‌ను అడగండి.

తల్లిదండ్రుల నోట ఎక్కువగా వచ్చేది "నిటారుగా కూర్చో" అనే మాట. ఇంట్లో చదువుకునే బల్ల దగ్గర అలవాటైన మాటే గుర్రం దగ్గరా వచ్చేస్తుంది. పిల్లలు దాన్ని శ్రద్ధగా పాటిస్తారు. ఛాతీ ముందుకు తోసి, నడుము లోపలికి వంచి, ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఫొటోలో చూడ్డానికి సైనికుడిలా ముచ్చటగానే ఉంటారు. కానీ గుర్రం నడకలోని ప్రతి కదలికనూ నడుమే మింగుకోవాలి. బిగిసిన నడుము మింగుకోలేదు, పిల్ల జీను మీద ఎగిరెగిరి పడుతుంది, ఆ దెబ్బ గుర్రం వీపుకు తగులుతుంది. దానికి బదులు ఊపిరి వదలమనండి. పాట పాడుకోమనండి. పాడే పిల్ల ఊపిరి బిగబట్టలేదు. దూరంగా ఉన్న చెట్టునో గేటునో చూడమనండి. చూపు లేస్తే తల లేస్తుంది, తల లేస్తే భుజాలు వాటంతట అవే తెరుచుకుంటాయి.

ఇంకో సంగతి. మీ బిడ్డకన్నా ముందు గుర్రాన్ని చూడండి. చెవులు ముందుకో పక్కలకో వదులుగా తిరిగి ఉన్నాయా, వెనక్కి అణిగి ఉన్నాయా? నోరు తెరుచుకుని ఉందా? తల ఎత్తి పగ్గాల నుంచి తప్పించుకోవాలని చూస్తోందా? మెడ వదులుగా, నోరు మూసి, నెమ్మదిగా నడుస్తున్న గుర్రం ఉంటే మీ పిల్ల భుజం కాస్త వంకరగా ఉన్నా ఆ పాఠం బాగానే సాగినట్టు లెక్క. దీన్ని పిల్లలతో పంచుకుంటే ఎంతో మంచిది. "ఈ ఫొటోలో గుర్రం నీ మాట వింటున్నట్టుంది, చెవి నీ వైపే తిప్పింది" అని ఒక్కసారి అని చూడండి, ఇంటిదాకా ఆ కబుర్లే చెబుతారు.

ఫొటో తీసే తీరు కూడా నేర్చుకోవాలి. గుర్రం మీ ముందు నుంచి అడ్డంగా, సరిగ్గా పక్కగా వెళ్తున్నప్పుడే తీయండి. ఏటవాలుగా తీస్తే నిలువు గీత కూడా వంకరగా కనిపిస్తుంది. మరీ దగ్గర నుంచి ఫోన్ పైకెత్తి తీయడంకన్నా నాలుగు అడుగులు వెనక్కి జరిగి, ఫోన్‌ను పిల్ల మోకాలి ఎత్తులో పట్టుకుంటే మేలు. నడుము ఒక పక్కకు వాలుతోందా అన్నది వెనక నుంచి తీసిన ఫొటోలోనే తెలుస్తుంది. గుర్రం వెనక్కి మాత్రం ఎన్నడూ దగ్గరగా వెళ్లకండి. ఫ్లాష్ వద్దు, చేతులు ఊపుతూ పిలవడం వద్దు, కంచె లోపలికి పోవడం అసలే వద్దు.

ఇక మాట్లాడే తీరు. డ్రెసాజ్ పోటీల్లో న్యాయనిర్ణేత ప్రతి కదలికకూ సున్నా నుంచి పది దాకా మార్కు ఇస్తారు. పది అంటే అద్భుతం, ఆరు అంటే సంతృప్తికరం, సున్నా అంటే ఆ కదలిక జరగనే లేదని. ఏ మూలలో, ఏ కదలికలో ఏమైందన్న చిన్న వ్యాఖ్యను పక్కన కూర్చున్న సహాయకుడు ఆ కాగితం మీదే రాస్తాడు. రౌతు ఆ కాగితాన్ని తర్వాత తీరిగ్గా చదువుకుంటాడు. న్యాయనిర్ణేత "నువ్వెప్పుడూ ఇంతే" అని రాయరు, పక్కవాళ్ల అమ్మాయితో పోల్చరు. మీరూ అంతే చేయండి. కారులో కాదు, రాత్రి భోజనాలయ్యాక ఫోన్ తీయండి. ముందు పిల్లనే అడగండి: "ఇందులో నీకు ఏది నచ్చింది? అప్పుడు నీకెట్లా అనిపించింది?" ఆమె చెప్పేది పూర్తిగా వినండి. తర్వాత నిజంగా బాగున్నదొకటి వెతికి, అదేమిటో పేరు పెట్టి చెప్పండి. "సూపర్" అంటే సరిపోదు, "మలుపులో నీ చేతులు కదలకుండా ఉన్నాయి" అనండి. దిద్దుకోవాల్సింది కనిపిస్తే ఒక్కటే చెప్పండి. అది కూడా "వచ్చే క్లాసులో సార్‌ను దీని గురించి అడుగుదామా?" అన్న వరకే. దిద్దే పని ట్రైనర్‌ది. ఇంట్లో ఒక మాట, మైదానంలో ఇంకో మాట వింటే పిల్ల ఎవరి మాటా వినలేని స్థితిలో పడుతుంది.

శరీరం గురించి మాత్రం ఒక్క మాటా అనకండి. స్వారీ బట్టలు ఒంటికి అతుక్కుని ఉంటాయి, పక్క నుంచి తీసిన ఫొటోలో పొట్ట, తొడలు కనిపిస్తాయి. కూర్చున్న తీరు దిద్దుకోవచ్చు. ఒళ్లు గురించి అన్న మాటను దిద్దుకునే దారి ఏ పిల్లకూ ఉండదు, పన్నెండు పద్నాలుగేళ్ల ఆడపిల్లకు మరీ. అందుకే ఈ ఫొటోలను చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టే ముందు ఆమెను అడగాలి. పెద్దమ్మ, బాబాయి అభిమానంతోనే "కాస్త లావైనట్టుందే" అంటారు. ఆ మాట చదివేది మీ అమ్మాయే. వద్దంటే పెట్టకండి. పెట్టి తీసేయడం కన్నా అడగడం తేలిక.

ఆలస్యం చేయకుండా అప్పటికప్పుడే చెప్పాల్సినవీ ఉన్నాయి, అవి భద్రతకు సంబంధించినవి. హెల్మెట్ నుదురు కనిపించేలా వెనక్కి జారి ఉంటే, గడ్డం కింది పట్టీ వేలాడుతుంటే, మడమ లేని మెత్తటి బూట్ల వల్ల పాదం రికాబులోంచి అవతలికి దూసుకుపోయి ఉంటే ఊరుకోవద్దు. పడిపోయినప్పుడు పాదం రికాబులో ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. స్వారీ బూట్లకు చిన్న మడమ ఉండేది అందుకే. ఇలాంటిది ఫొటోలో కనిపిస్తే వెంటనే ట్రైనర్‌కు చూపించండి, అది సరిచేసేదాకా పిల్లను మళ్లీ ఎక్కనివ్వకండి. గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి. ఇక్కడ మాత్రం మొహమాటం వద్దు.

ఈ వారం క్లాసు అయ్యాక తీసిన ఫొటోల్లోంచి మీ పిల్లకు నచ్చిన ఒకటి ఎంచుకోమనండి. కింద తేదీ, గుర్రం పేరు తన చేతి రాతతో రాసి దాచుకోమనండి. మూడు నెలల తర్వాత తీసిన ఫొటోను దాని పక్కన పెట్టి, తేడా ఏమిటో ఆమెనే చెప్పనివ్వండి. మీరు చెప్పాలనుకున్నవాటిలో చాలా వరకు ఆమే చెబుతుంది.