యూరియా ఫ్యాక్టరీ పక్కన ఉంటే బస్తా చౌకవుతుందా? రామగుండం చెబుతున్న లెక్క

ఊరి దగ్గర ఎరువుల ఫ్యాక్టరీ పడుతుందన్న మాట పుట్టగానే టీ కొట్టు దగ్గర రెండు పార్టీలవుతాయి. "ఇగ యూరియాకు కరువేముంటది, పిల్లగాండ్లకు నౌకర్లు దొరుకుతయి" అనేది ఒక పార్టీ. "గాలి పాడైతది, నీళ్లు పాడైతయి" అనేది రెండోది. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత లేదు. ఏది ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి మన రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ రామగుండం. ఎక్కడ కొత్త ఫ్యాక్టరీ ప్రతిపాదన వచ్చినా, చుట్టుపక్కల చిన్న, సన్నకారు రైతులు ముందుగా ఆ ఉదాహరణ చదువుకోవాలి.

రామగుండం, గోదావరిఖని కలిసి ఒక చిన్న నగరం. 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 2 లక్షల 30 వేల మంది. బొగ్గు గనులు, ఎన్టీపీసీ విద్యుత్తు కేంద్రం, వీటి పక్కనే ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ. ఆ పాత ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. బొగ్గుతో యూరియా చేసే పద్ధతి. యంత్రాల ఇబ్బంది, కరెంటు ఇబ్బంది, ఏటికేడు నష్టాలు, చివరకు 1999లో మూతపడింది. ఫ్యాక్టరీ మీద బతికిన కాలనీ, దుకాణాలు, దానికి పాలు, కూరగాయలు పోసిన చుట్టుపక్కల రైతులు అందరికీ దెబ్బే. ఫ్యాక్టరీ వస్తే ఏమవుతుందని అడిగేవాళ్లు, పోతే ఏమవుతుందని కూడా అడగాలి. ఈ రెండో ప్రశ్నను ఎవరూ అడగరు.

తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్, ఈఐఎల్, ఎఫ్‌సీఐఎల్ సంస్థలు కలిసి 2015లో రామగుండం ఫర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అనే కొత్త సంస్థ పెట్టాయి. 2016 ఆగస్టులో శంకుస్థాపన, 2021 మార్చిలో ఉత్పత్తి, 2022 నవంబరు 12న ప్రధాని చేతుల మీదుగా జాతికి అంకితం. ఈసారి బొగ్గు కాదు, పైపులైనులో వచ్చే సహజ వాయువు. రోజుకు 2,200 టన్నుల అమ్మోనియా, దాంతో 3,850 టన్నుల వేప పూత యూరియా తయారుచేసే శక్తి దీనికి ఉంది. 45 కిలోల బస్తాల్లో లెక్క కడితే రోజుకు 85 వేల బస్తాల పైమాటే. ఎకరానికి రెండు బస్తాల చొప్పున 42 వేల ఎకరాలకు సరిపోయే సరుకు ఒక్క రోజులో తయారవుతుందన్నమాట.

మరి అంత సరుకు పక్కనే తయారవుతుంటే ఆ ప్రాంత రైతుకు చౌకగా రావాలి గదా? రాదు. యూరియా ధర నిర్ణయించేది ఫ్యాక్టరీ కాదు, కేంద్ర ప్రభుత్వం. వేప పూత యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. రామగుండం గేటు ముందు దుకాణంలోనూ అంతే, ఎక్కడో మారుమూల మండలంలోనూ అంతే. సరుకు ఏ రాష్ట్రానికి ఎంత పోవాలన్నది కూడా కేంద్రం నెలనెలా వేసే కేటాయింపును బట్టే. 2025 వానాకాలంలో మన రాష్ట్ర రైతులు యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డ సంగతి తెలిసిందే. అదే ఆగస్టులో యంత్రాల లోపంతో రామగుండం ఫ్యాక్టరీలోనే ఉత్పత్తి నిలిచింది. దేశానికి ఫ్యాక్టరీ అవసరమే, కాదనడం లేదు. విదేశాల నుంచి తెచ్చుకునే యూరియా ఆ మేరకు తగ్గుతుంది. కానీ పక్కనున్న రైతుకు ప్రత్యేక లాభం ఉంటుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మి భూమి మీద సంతకం పెట్టవద్దు.

నౌకర్ల సంగతి. ఫ్యాక్టరీ కట్టే నాలుగైదేళ్లు వేల మందికి పని దొరుకుతుంది. ఆ రోజుల్లోనే నాట్లకు, కలుపుకు కూలీలు దొరకక రైతు తిప్పలు పడతాడు. కట్టడం అయిపోయాక యంత్రాలే నడుస్తాయి, మనుషులు వందల్లో చాలు. అందులో చదువుకున్న టెక్నీషియన్లు పోను, స్థానికులకు మిగిలేది ఎక్కువగా కాంట్రాక్టు పని. నౌకరీ ఇప్పిస్తామని పైసలు అడిగే దళారులు కూడా ఫ్యాక్టరీ వెంటే వస్తారు. వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వవద్దు.

నీళ్ల లెక్క

రైతు అసలు పట్టించుకోవలసింది ఇది. యూరియా తయారీకి ఆవిరి కావాలి, చల్లబరచడానికి నీళ్లు కావాలి. టన్నుకు అయిదు ఘన మీటర్లు అనుకున్నా, రామగుండం అంత ఫ్యాక్టరీకి రోజుకు సుమారు రెండు కోట్ల లీటర్లు. ఆ నీళ్లు ఏ చెరువు నుంచి, ఏ కాలువ నుంచి తీస్తారు, ఎండాకాలంలో తక్కువ పడితే ముందు ఎవరికి ఆపుతారు, ఫ్యాక్టరీకా, ఆయకట్టుకా, పట్నం నల్లాలకా? దీనికి కాగితం మీద జవాబు అడగాలి.

బయటికి వదిలే నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. "ఆ నీళ్లలో నత్రజనే గదా, పొలానికి ఉచితంగా ఎరువు" అనేవాళ్లున్నారు. ఆ మాట ఎంత ప్రమాదమో చిన్న లెక్క చూడండి. నత్రజని ఎరువుల ఫ్యాక్టరీ వదిలే నీళ్లలో అమ్మోనియా రూపంలోని నత్రజని లీటరుకు 50 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. ఎకరం మడిలో రెండు అంగుళాల నీళ్లు పెడితే సుమారు రెండు లక్షల లీటర్లు. ఆ నీళ్లు వాగులో కలవకుండా నేరుగా మడిలోకి వస్తే ఒక్క తడికి 10 కిలోల నత్రజని, అంటే 22 కిలోల యూరియా, దగ్గరదగ్గర అర బస్తా. అయిదు తడులకు వరికి మొత్తం పంటకాలానికి కావలసిన నత్రజని పడిపోతుంది. ఇదంతా నిబంధన లోపలే ఉన్న నీళ్లతో! ఆ పైన మీరు అలవాటుగా వేసే యూరియా వేరే.

ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి అన్నది మీ చేతిలో లేని ఎరువు ఎరువు కాదు. వరి నల్లగా, ఏపుగా పెరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. దోమ పోటు, అగ్గితెగులు అలాంటి చేనునే ముందు పడతాయి. ఈనే దశ దాటాక కూడా నత్రజని అందుతుంటే పంట ఆలస్యమవుతుంది, చేను పడిపోతుంది, తాలు పెరుగుతుంది. వాగులో చేపలకైతే లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు విడి అమ్మోనియా కూడా ప్రాణాంతకమే. ఎండ ముదిరి నీళ్లు తగ్గినప్పుడు ఈ విషం ఇంకా పెరుగుతుంది. బావుల్లోకి దిగిన నత్రజని నైట్రేటుగా మారుతుంది. తాగే నీళ్లలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లలకు హాని. మరిగిస్తే పోదు, ఇంకా చిక్కబడుతుంది.

రామగుండంలో కూడా కొత్త ఫ్యాక్టరీ నడవడం మొదలైన కొద్ది నెలలకే అమ్మోనియా వాసన, వదిలే నీళ్ల మీద కాలనీల జనం ఫిర్యాదులు చేశారు. 2022 మే నెలలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఆ తర్వాత ఫ్యాక్టరీ మళ్లీ నడిచింది. ఫిర్యాదు కాగితం మీద ఉంటే ఎంత పెద్ద సంస్థనైనా అడగవచ్చని దీన్ని బట్టి తెలుస్తోంది.

గాలి ఎటు వీస్తుందో చూసుకోండి

వానాకాలంలో నైరుతి గాలి. అప్పుడు ఫ్యాక్టరీకి ఈశాన్యంగా ఉన్న ఊళ్లకు వాసన పోతుంది. చలికాలంలో గాలి తిరుగుతుంది, నైరుతి పక్క ఊళ్లకు పోతుంది. చలి రాత్రుల్లో, మంచు పట్టినప్పుడు గాలి కదలక వాసన కిందనే నిలుస్తుంది. అమ్మోనియా మామూలుగా గాలి కంటే తేలిక, పైకి పోతుంది. కానీ ట్యాంకుల్లో దాన్ని సున్నాకు 33 డిగ్రీలు తక్కువ చలిలో ద్రవంగా నిల్వ చేస్తారు. అది ఎక్కువగా కారితే తెల్లని పొగమంచులా నేల మీదనే పాకుతుంది. అలాంటప్పుడు గాలికి అడ్డంగా, పక్కకు పోవాలి. గాలి వెంట పరుగెత్తకూడదు. తడి గుడ్డ ముక్కుకు, నోటికి కట్టుకోవాలి. అమ్మోనియాను నీళ్లు బాగా పీల్చుకుంటాయి. కళ్లు మండితే ధారగా పడే మంచినీళ్లతో పావుగంట కడగాలి. కట్టేసిన పశువులను విప్పండి. సైరన్ మోగితే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పడం 1989 నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీ బాధ్యత. బయటి ఊళ్ల కోసం అత్యవసర ప్రణాళిక జిల్లా యంత్రాంగం దగ్గర ఉండాలి. అడిగి చూడండి.

ఫ్యాక్టరీ రాకముందే చేయవలసిన పని

ఇప్పుడే మీ బావి, బోరు నీళ్లు, పొలం మట్టి పరీక్ష చేయించుకోండి. రేపు నష్టం జరిగిందంటే "మీ నీళ్లు మొదటి నుంచే అట్లా ఉన్నాయి" అంటారు. అప్పుడు ఆ పాత కాగితమే సాక్ష్యం. బోరు పది నిమిషాలు నడిచాక, శుభ్రమైన లీటరు సీసాను అదే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి నింపాలి. గాలి లేకుండా మూత పెట్టి, తేదీ, సర్వే నంబరు రాసి, ఆ రోజే ప్రయోగశాలకు చేర్చాలి. నైట్రేటు, అమ్మోనియా రెండూ చూడమని అడగండి. మట్టిని పది చోట్ల వి ఆకారంలో, జానెడు కంటే కాస్త తక్కువ లోతున తీసి కలిపి అర కిలో ఇవ్వాలి. నలుగురు రైతులు కలిసి చేయిస్తే ఖర్చు తగ్గుతుంది.

2006 నోటిఫికేషన్ ప్రకారం జరిగే ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. పర్యావరణ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, పంచాయతీ లేదా మునిసిపల్ కార్యాలయంలో చూసుకోవచ్చు. అందులో మీ వాగు పేరు, మీ ఊరి పేరు ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే అదే మీ మొదటి ప్రశ్న. కౌలు రైతులు, మూడేళ్లకు పైగా ఆ భూమి మీద ఆధారపడ్డ కూలీ కుటుంబాలు కూడా 2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబాల కిందికే వస్తాయి. పట్టా లేదని ఇంట్లో కూర్చోవద్దు. సభలో మాట్లాడిన మాటలు రాసుకుని, చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. అది విన్నాకే లేవండి. రాలేనివాళ్లు కాగితం మీద రాసి కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయంలో ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి.