పోటీ పరీక్షల ప్రత్యేకం: ఐపీ వేరు, మ్యాక్ వేరు

రాయ్‌పూర్‌ను ఆనుకుని ఉన్న బీర్‌గావ్‌లో ఫోన్‌కు వైఫై కలిపి సెట్టింగ్స్ తెరిస్తే, చాలా ఇళ్లలో 192.168తో మొదలయ్యే అంకెలు కనిపిస్తాయి. గుంటూరులో మీ ఫోన్‌లోనూ సరిగ్గా అవే ఉండొచ్చు. కంగారు పడకండి. అది ప్రైవేట్ ఐపీ, ఇంటి గడప దాటదు. బయటి ఇంటర్నెట్‌కు కనిపించేది పబ్లిక్ ఐపీ. ఒకదాన్ని మరొకటిగా మార్చే పద్ధతి పేరు నాట్. ఈ ఒక్క విషయం పట్టుబడితే సగం ప్రశ్నలు తేలికవుతాయి.

ఐపీవీ4కు 32 బిట్లు, ఐపీవీ6కు 128. నెట్‌వర్క్ కార్డుకు తయారీలోనే వచ్చే మ్యాక్ అడ్రస్‌కు 48. స్విచ్ మ్యాక్‌ను చూసి డేటా పంపుతుంది, రూటర్ ఐపీని చూసి పంపుతుంది. వెబ్‌సైట్ పేరుకు ఐపీ వెతికిపెట్టేది డీఎన్ఎస్. దాని పోర్టు 53. హెచ్‌టీటీపీఎస్‌కు 443.

నెట్‌వర్క్ సంగతి పక్కన పెడితే, కంప్యూటర్ రంగం నుంచి తెలుగువారు తప్పక గుర్తుంచుకోవాల్సిన పరీక్ష బిట్ ఒకటి: కృత్రిమ మేధలో కృషికి 1994 ట్యూరింగ్ అవార్డును ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో పంచుకున్న రాజ్ రెడ్డి పుట్టింది ఆంధ్రప్రదేశ్‌లోని కాటూరులో.