పర్షియన్ పిల్లి – నాలుకకు అందని జుట్టు

పిల్లి తనను తానే శుభ్రం చేసుకుంటుందని మీకందరికీ తెలుసు. మన ఇళ్ళలో తిరిగే నాటు పిల్లికి ఎవరూ ఒళ్ళు దువ్వరు, స్నానం చేయించరు. గోడ మీదనో, గడ్డివాము పక్కనో కూర్చొని అది కాళ్ళూ, వీపూ, తోకా నాక్కుంటుంది. కాసేపటికి నిగనిగలాడుతుంది. కాని పొడుగాటి మెత్తని బొచ్చు, గుండ్రటి తల, చప్పిడి ముక్కు గల పర్షియన్ పిల్లిని పెంచుకొనేవారు మాత్రం రోజూ దువ్వెన పట్టుకోవలసిందే. నాలుగు రోజులు మానేస్తే దాని బొచ్చు జడలు కడుతుంది. రెండూ ఒకే జాతి జంతువులు. రెండింటి నాలుకా ఒకే విధంగా ఉంటుంది. మరి ఈ తేడా ఎందుకు వచ్చింది?

నాలుకే దువ్వెన

పిల్లి మీ చేతిని ఎప్పుడైనా నాకిందా? ఉప్పుకాగితంతో రుద్దినట్లు గరగరలాడుతుంది. దాని నాలుక మీద గొంతువైపు వంగిన సన్నని ముళ్ళు వందలకొద్దీ ఉంటాయి. ఇవి మన గోళ్ళలో ఉండే కెరాటిన్ అనే ప్రోటీనుతోనే తయారవుతాయి. ఇవి గట్టి శంకువులని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని జార్జియా టెక్ సంస్థకు చెందిన అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు అనే శాస్త్రజ్ఞులు పిల్లి మొదలుకొని పులి, సింహం వరకు ఆరు జాతుల నాలుకలను పరీక్షించి 2018లో అసలు సంగతి చెప్పారు. ఒక్కొక్క ముల్లు చివర చిన్న గరిటెలాగా బోలుగా ఉంటుంది. పిల్లి నాలుకను నోట్లోకి తీసుకొన్నప్పుడు లాలాజలం కేశనాళికీయత వల్ల ఆ బోలులోకి ఎక్కుతుంది. నాకినప్పుడు అది వెంట్రుకల మొదళ్ళకు చేరి మురికిని కడుగుతుంది, ఆవిరై ఒంటిని చల్లబరుస్తుంది కూడా.

పిల్లి ముల్లు పొడవు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. నాకేటప్పుడు బొచ్చు అణిగిపోతుంది గనుక నాటు పిల్లికి ఆ పొడవు సరిపోతుంది, ముల్లు కొన చర్మాన్ని తాకుతుంది. పర్షియన్ పిల్లి బొచ్చు ఎంత అణిగినా ఆ ముల్లు కంటే మందంగానే ఉంటుంది. అంటే దాని నాలుక దాని చర్మాన్నే చేరలేదు. పైపైన తడి అవుతుంది, అడుగున చిక్కు మిగిలిపోతుంది. మనం దువ్వెన పట్టుకోవలసివచ్చింది ఇందుకే.

జుట్టు ఎందుకు పెరిగింది?

ప్రతి వెంట్రుకా కొంతకాలం పెరుగుతుంది, తరువాత ఆగుతుంది, చివరకు రాలిపోతుంది. "ఇక పెరిగింది చాలు" అని వెంట్రుక కుదురుకు చెప్పే ప్రోటీను ఒకటి ఉంది. దాన్ని ఇచ్చే జన్యువు పేరు ఎఫ్.జి.ఎఫ్.5. పొడుగు జుట్టు పిల్లుల్లో ఈ జన్యువు ఉత్పరివర్తనం చెంది పనిచేయడం మానేసిందని 2007లో తెలిసింది. ఆపమని చెప్పేవారు లేకపోవడంతో వెంట్రుక మరికొంత కాలం పెరుగుతూ పోతుంది.

ఈ లక్షణం అంతర్గతం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ పనిచేయని జన్యువులే వస్తేనే జుట్టు పొడవవుతుంది. శుద్ధమైన పొట్టి జుట్టు పిల్లితో పర్షియన్ పిల్లి కలిస్తే పుట్టే పిల్లలన్నీ పొట్టి జుట్టువే. ఆ పిల్లలు పెరిగి తమలో తాము కలిస్తే వచ్చే తరంలో సగటున నాలుగింటిలో ఒకటి పొడుగు జుట్టుతో పుడుతుంది. మెండెల్ బఠానీ మొక్కల్లో చూసిన 3:1 నిష్పత్తే ఇది.

ఇటలీ యాత్రికుడు పియత్రో దెల్లా వాల్లె 1620 ప్రాంతంలో పర్షియాలో ఉన్నప్పుడు ఖొరాసాన్ ప్రాంతపు పొడుగు జుట్టు పిల్లుల గురించి రాశాడు. 1871లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద పిల్లుల ప్రదర్శన జరిగింది. అటువంటి ప్రదర్శనలు పెరిగినకొద్దీ మరింత పొడుగు జుట్టు, మరింత చప్పిడి ముక్కు గల పిల్లులనే ఏరి పెంచడం ఎక్కువయింది. 2008లో జన్యువులను పోల్చి చూస్తే నేటి పర్షియన్ పిల్లులు పశ్చిమాసియా పిల్లుల కంటే పశ్చిమ ఐరోపా పిల్లులకే దగ్గరగా ఉన్నాయని తేలింది. పేరు పర్షియాదైనా నేటి రూపం మనిషి ఎంపిక చేసినదే. జుట్టును మనిషి పెంచాడు, నాలుక మీది ముల్లు మాత్రం పెరగలేదు.

జడలు ఎట్లా కడతాయి?

సూక్ష్మదర్శినిలో చూస్తే వెంట్రుక నున్నగా ఉండదు. ఇంటి పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి పరచుకొన్న పొలుసులు కనిపిస్తాయి. గొర్రె ఉన్నికీ ఇంతే. వడికేటప్పుడు ఉన్ని పోగులు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి ఈ పొలుసులు సాయపడతాయి. ఉన్ని బట్టను వేడి సబ్బునీళ్ళలో వేసి రుద్దితే ముడుచుకొని గట్టిపడటం మీరు వినే ఉంటారు. తడిసిన పొలుసులు లేచి ఒకదానిలో ఒకటి చిక్కుకోవడమే దానికి కారణం.

పర్షియన్ పిల్లికి పైన పొడుగాటి వెంట్రుకలు, అడుగున ఉన్నివంటి సన్నని నూగు ఉంటాయి. రాలిన నూగు పైకి రాలేక అడుగునే ఇరుక్కొని, ఒంటి రాపిడికి ఉండ కడుతుంది. ఆ ఉండ చర్మాన్ని లాగుతుంది, నడిస్తే నొప్పి పుడుతుంది. గాలి ఆడక కింద తేమ నిలుస్తుంది. పుండు పడితే వానాకాలంలో ఈగలు వాలి పురుగు పట్టే ప్రమాదం కూడా ఉంది. జడ కట్టడం అందానికి సంబంధించిన సంగతి మాత్రమే కాదన్నమాట.

దువ్వే పద్ధతి

1. రోజూ పది, పదిహేను నిమిషాలు ఒకే వేళకు దువ్వండి. పిల్లగా ఉన్నప్పుడే అలవాటు చేస్తే పెద్దయ్యాక పెనుగులాడదు.

2. స్టీలు దువ్వెన వాడండి. ప్లాస్టిక్ దువ్వెనతో పొడి జుట్టును దువ్వితే రాపిడి వల్ల విద్యుదావేశం పుడుతుంది. ఒకే ఆవేశం గల వెంట్రుకలు వికర్షించుకొని నిక్కబొడుచుకుంటాయి, మళ్ళీ చిక్కుపడతాయి.

3. మొదట వెడల్పు పళ్ళ దువ్వెన, తరువాత సన్న పళ్ళది. జుట్టును పాయలు తీసి చర్మం కనిపించేట్లు కొద్దికొద్దిగా దువ్వాలి. పైపైన దువ్వితే నాలుక చేసిన పనే మనమూ చేసినట్లవుతుంది.

4. చెవుల వెనక, చంకల్లో, పొట్ట మీద, తొడల లోపల, తోక మొదట్లో ముందుగా చిక్కు పడుతుంది. ఆ చోట్లు మరిచిపోకండి.

5. ఉండ దొరికితే దాని మొదలును రెండు వేళ్ళతో పట్టుకొని, చివరి నుంచి కొంచెం కొంచెంగా విడదీయండి. కత్తెర పెట్టకండి. పిల్లి చర్మం పలుచన, ఉండతోపాటు పైకి లేచి తెగుతుంది. విడిపోని ఉండను పశువైద్యుని దగ్గర క్లిప్పరుతో తీయించాలి.

6. స్నానానికి ముందే దువ్వాలి. చిక్కుతో తడిపితే ఉన్నిలాగే బిగుసుకుంటుంది. స్నానం తరువాత అడుగు నూగు దాకా ఆరబెట్టాలి.

దువ్వడం వల్ల ఇంకొక లాభం ఉంది. రాలిన వెంట్రుకలను పిల్లి నాకి మింగుతుంది. కెరాటిన్‌లో గంధకపు బంధాలు బలంగా ఉంటాయి గనుక కడుపులోని రసాలు దాన్ని జీర్ణం చేయలేవు. అవి ఉండగా చేరితే పిల్లి కక్కుతుంది. ఒక్కొక్కప్పుడు పేగుకు అడ్డం పడి ప్రాణం మీదికి వస్తుంది. దువ్వెనకు వచ్చిన ప్రతి వెంట్రుకా కడుపులోకి పోనిదే కదా.

పసుపు ఊళ్ళో తెల్ల పిల్లి

నందిపేట్, ఆర్మూరు ప్రాంతాల్లో చలికాలం చివర పసుపు తవ్వకం మొదలవుతుంది. కొమ్ములు ఉడకబెట్టి, ఆరబోసి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగుపెట్టే రోజుల్లో గాలిలో సన్నని పసుపు దుమ్ము లేస్తుంది. అటువంటి చోట తెల్ల పర్షియన్ పిల్లి ఉంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు!

పసుపులోని రంగు పదార్థం కర్కుమిన్. అది నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. పిల్లి వెంట్రుకల మీద చర్మగ్రంథులు ఊరించే సన్నని జిడ్డు పొర ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము ఆ జిడ్డుకు అంటుకొని మరకవుతుంది. కాబట్టి ముందు పొడిగా దువ్వి దులపాలి. బట్టల సబ్బు రాస్తే? క్షారానికి పసుపు ఎర్రగా మారుతుందని మీరు పాఠంలో చదివే ఉన్నారు. పిల్లి ఎర్రబడుతుంది! పైగా క్షారం చర్మాన్ని ఎండగడుతుంది. పిల్లుల కోసం తయారైన షాంపూ వాడి, నిండా నీళ్ళతో కడగాలి. మిగిలిన లేత మరక వెలుతురుకు మెల్లగా వెలిసిపోతుంది. కల్లం పనులయ్యేదాకా పిల్లిని ఇంట్లో ఉంచడం అన్నిటికంటే సులువు.

ఒంటి మీదిది కడుపులోకి

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. పిల్లి ఒంటి మీద మనం ఏది రాసినా, ఏది పడినా అది నాలుక ద్వారా కడుపులోకి పోతుంది. అక్కడి నుంచి కాలేయానికి చేరుతుంది. మన కాలేయం చాలా మందులకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జతచేసి, నీళ్ళలో కరిగేట్లు మార్చి, బయటికి పంపుతుంది. ఈ పనికి కావలసిన ఎంజైములలో ఒక ముఖ్యమైనదాని జన్యువు పిల్లుల్లో పాడైపోయింది. తరతరాలుగా మాంసమే తిన్న జంతువుకు మొక్కల్లోని విషాలను విరిచే అవసరం లేక అది పోయి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. పర్షియన్ పిల్లికే కాదు, నాటు పిల్లికీ ఈ లోటు ఉంది.

అందుకే మనకు జ్వరం తగ్గించే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేక చిగుళ్ళు గోధుమరంగుకు మారతాయి, ముఖం వాస్తుంది. నేల తుడిచే నల్ల ఫినాయిలు కాళ్ళకు అంటుకొన్నా ప్రమాదమే. కుక్కల పేలకు వాడే పెర్మెత్రిన్ మందును పిల్లికి ఎన్నడూ రాయకూడదు. పిల్లి ఒళ్ళు వేడిగా ఉందని మీ చేతిలోని మాత్ర వేయకండి. దాని మామూలు ఉష్ణోగ్రతే 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్, మనకంటే ఎక్కువ. గాయానికి ఇంటి మందులు పూయకుండా పశువుల ఆసుపత్రికి తీసుకొనిపోండి.

ఎండాకాలంలో

నిజామాబాద్ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పిల్లికి పాదాల అడుగున తప్ప చెమట దాదాపు పట్టదు. నాక్కున్న తడి ఆవిరైతేనే చల్లదనం. పర్షియన్ పిల్లికి ఆ తడి చర్మం దాకా చేరదని చూశాం. ముక్కు చప్పిడి గనుక శ్వాస కూడా కష్టమే. నీడ, ఫ్యాను గాలి, చల్లని బండలు, నిండు నీళ్ళ గిన్నె తప్పనిసరి. నోరు తెరిచి రొప్పుతూ ఉంటే అది ప్రమాద సూచన. తడి గుడ్డతో ఒళ్ళు తుడుస్తూ వెంటనే వైద్యుని దగ్గరికి చేర్చాలి. ఎండకని చర్మం దాకా గొరిగించకండి, ఎండ నేరుగా తగిలి చర్మం కమిలిపోతుంది.

మరికొన్ని జాగ్రత్తలు

ముఖం చప్పిడి కావడంతో కన్నీటి నాళం వంకర తిరిగి కన్నీరు చెంపల మీదికి కారుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచిన దూదితో రోజూ తుడవాలి, ఒక్కొక్క కంటికి వేరే దూది. పెరుగన్నం ఒక్కటే పెడితే పిల్లికి చాలదు. గుండెకు, కంటికి అవసరమైన టారిన్ మాంసం, చేపల వంటి ఆహారం నుంచే దానికి దొరుకుతుంది. బొచ్చు గుండ్రంగా ఊడిన మచ్చలు కనిపిస్తే అది తామర కావచ్చు, మనకూ అంటుకుంటుంది. ఏటా రేబిస్ టీకా వేయించాలి. పిల్లి కరిచినా, రక్కినా సబ్బు, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి.

పిల్లి పిల్లను తెచ్చుకొనే ముందు ఇంట్లోవాళ్ళతో ఒక లెక్క వేయండి. రోజుకు పదిహేను నిమిషాలంటే ఏడాదికి తొంభై గంటల పైమాటే. పిల్లి పన్నెండు, పదిహేనేళ్ళు బ్రతుకుతుంది. మీ పరీక్షల నెలలోనూ దాని జుట్టు పెరుగుతూనే ఉంటుంది. ఆ పని చేసే చెయ్యి ఇంట్లో లేకపోతే, తన పని తానే చేసుకొనే నాటు పిల్లికి రెండు పూటలా తిండి పెట్టడం మేలు.

చేసి చూడండి

1. తల వెంట్రుక, గొర్రె ఉన్ని పోగు, పిల్లి వెంట్రుక తీసుకొని బడిలోని సూక్ష్మదర్శినిలో చూసి బొమ్మలు గీయండి. పొలుసులు ఎందులో స్పష్టంగా ఉన్నాయి?

2. దువ్విన ఉన్నిని రెండు భాగాలు చేయండి. ఒకదాన్ని పొడిగా, రెండోదాన్ని గోరువెచ్చని సబ్బునీళ్ళతో, చేతుల మధ్య ఐదు నిమిషాలు రుద్దండి. ఏది గట్టి ఉండ అయింది?

3. పసుపు కలిపిన నీళ్ళలో తెల్లగుడ్డ ముంచి ఆరబెట్టండి. ఒక మూల సబ్బు, ఒక మూల నిమ్మరసం వేయండి. సగం ఎండలో, సగం నీడలో వారం ఉంచి తేడా రాసుకోండి.

ఆలోచించండి

1. తల్లి, తండ్రి రెండూ పొట్టి జుట్టు పిల్లులే. నాలుగు పిల్లల్లో ఒకదానికి పొడుగు జుట్టు వచ్చింది. ఇది ఎట్లా సాధ్యం?

2. అడవిలో పుట్టిన పిల్లికి ఎఫ్.జి.ఎఫ్.5 జన్యువు పాడైతే దాని బ్రతుకు ఎట్లా ఉంటుంది?