దాస్యవిముక్తులు, అక్షరము

గంట మ్రోగగానే మీరు వచ్చి కూర్చుండు బల్లకొఱకు ఒకప్పుడొక జనసమూహము ఎంత తపించెనో తెలిసికొనుట మేలు.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో పలుచోట్ల బానిసలకు చదువు చెప్పుట నేరము. 1831లో వర్జీనియాలో చేసిన చట్టము, స్వతంత్రులైన నల్లజాతివారు సైతము చదువు నేర్చుటకై కూడరాదనెను. కూడినవారికి కొరడాదెబ్బలు శిక్ష. కారణమేమి? చదివిన బానిస దారిచీటిని తానే వ్రాసికొని పారిపోగలడు. పత్రికలలోని వార్తలు తనవారికి చెప్పగలడు. యజమానులు అక్షరమునకు వెఱచిరి.

ఆ చట్టము అమలులో నుండగనే మేరీ పీక్ అను నల్లజాతి స్త్రీ, కుట్టుపనితో జీవించుచు, హాంప్టన్ పట్టణమున తన యింట రహస్యముగా చదువు చెప్పెను. 1861లో అంతర్యుద్ధము పుట్టి, పారిపోయి వచ్చిన బానిసలు సమీపమునగల మన్రో కోటను శరణుజొచ్చిరి. ఆమె వారికి బాహాటముగా బోధింప నారంభించెను. ఒక ఓకు చెట్టు నీడయే తొలి బడి. పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు పాఠములు. క్షయవ్యాధి పీడించుచున్నను బోధన మానక, 1862 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూసెను.

1865లో యుద్ధము ముగిసి, సుమారు 40 లక్షల మందికి దాస్యము తొలగెను. ప్రభుత్వ శాఖయు, క్రైస్తవ సంఘములును బడులు తెఱచినవి. విముక్తులును తమ కొద్ది కూలిలోనుండి చందాలిచ్చిరి. తాతయు మనుమడును ఒకే వాచకము పట్టిరి. చనిపోవులోపల బైబిలును స్వయముగా చదువవలెనని పలువురు వృద్ధుల కోరిక. విరోధులు లేకపోలేదు. 1866 మే నెలలో మెంఫిస్ నగరమున అల్లరిమూకలు వారి బడులను, దేవాలయములను తగులబెట్టెను. అయినను చదువు ఆగలేదు.

ఉప్పు బట్టీలో పనిచేసిన బుకర్ వాషింగ్టన్ అను బాలుడు మొదట గుర్తుపట్టిన వ్రాత, తన సవతితండ్రి నింపు పీపాలపై వేసిన 18 అను అంకె. అతడే 1872లో హాంప్టన్ విద్యాలయమున చేరి, 1881లో టస్కెగీలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలకు అధిపతియయ్యెను. 1870లో నల్లజాతివారిలో నూటికి సుమారు 80 మంది నిరక్షరాస్యులు. 1900 నాటికి ఆ సంఖ్య 45కు దిగెను.

శిక్షణ కళాశాలలో మేము బోధనాపద్ధతులెన్నో అభ్యసించితిమి. వానికన్న ముందు నేర్వవలసిన పాఠమిది: వయస్సును, పుట్టుకను చూచి "వీనికి చదువు రాదు" అనుట గురువు పని కాదు. తలిదండ్రులారా! మీలో చదువురానివారు సంకోచింపక, నేటి సాయంకాలమే మీ బిడ్డ పుస్తకము ముందు మీరును కూర్చుండుడు.