తాతయ్య గొంతు - టేపు పాఠం

విత్తనానికీ వీడియో టేపుకీ శత్రువు ఒకటే: తేమ. విత్తనాలను ఎండబెట్టి, వేపాకు వేసి దాచుకునే మేము క్యాసెట్టును మాత్రం అటక మీద పడేశాం.

1977లో ప్రారంభమైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వ్యవసాయ కార్యక్రమంలో, 1988లో మా తాతయ్య రెండు నిమిషాలు మాట్లాడారు. నాన్న దాన్ని వి.హెచ్.ఎస్. క్యాసెట్టులో రికార్డు చేయించారు. నేను పుట్టకముందే తాతయ్య పోయారు. కిందటేడు క్యాసెట్టు దించితే తెల్లటి బూజు! ఆత్రం కొద్దీ ప్లేయర్లో పెట్టేశాను. టేపు అతుక్కుని పై అంచు నలిగిపోయింది. బొమ్మ మిగిలింది, గొంతు పోయింది.

కారణం చూద్దాం. ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత రేణువులను ఒక జిగురు పట్టి ఉంచుతుంది. తేమ పీల్చుకుంటే ఆ జిగురు మెత్తబడుతుంది, బూజు కూడా పడుతుంది. అర అంగుళం వెడల్పు టేపులో బొమ్మ నడిమి భాగంలో ఏటవాలు గీతలుగా ఉంటుంది. మామూలు శబ్దం ఉండేది పై అంచున, మిల్లీమీటరు మేర మాత్రమే.

కాబట్టి మిత్రులారా, క్యాసెట్టును పుస్తకంలా నిలువుగా, చల్లని పొడిచోట, అయస్కాంతాలకు దూరంగా ఉంచండి. బూజు కనిపిస్తే ఆడించకండి. ముందు తెలిసినవారిచేత శుభ్రం చేయించండి. తరువాత కంప్యూటర్లోకి నకలు తీయించి, రెండు చోట్ల భద్రపరచండి. అసలు టేపు పారెయ్యొద్దు. నకలుంటే ఇంటిల్లిపాదీ ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.

ఇప్పుడు మా ఇంట్లో తాతయ్య పెదవులు కదులుతాయి, మాట వినపడదు. ఆయనేమన్నారో నాన్న గుర్తున్నంతవరకు చెబితే రాసుకున్నాను. మీ అటక మీద క్యాసెట్లుంటే వానలు పడకముందే దించండి.