దస్తావేజు కాదు, ఫోలియో చూడు

డబ్లిన్

చి.ల.సౌ. బుజ్జమ్మకు, పెద్దమ్మ ఆశీస్సులు.

కాంట్రాక్టు మీద సంతకాలయ్యాయని, వచ్చే నెల తాళాలిస్తారని రాశావు. సంతోషం. "మరి డాక్యుమెంటు ఎప్పుడిస్తారే?" అని తెనాలి నుంచి మీ అమ్మ పూటపూటా ఫోన్ చేస్తోందన్నావు చూడు, ఈ ఉత్తరం దానికోసమే. ఇక్కడి లాయరాఫీసులో ఇళ్ల కాగితాల మధ్యే ఉద్యోగం వెళ్లబుచ్చినదాన్ని, ఈ ఒక్క విషయంలో నా మాట వినొచ్చు.

మన దగ్గర ఇల్లు కొనడమంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. ఫొటోలు, వేలిముద్రలు, సాక్షులు. ముద్రలు పడిన దస్తావేజు బీరువాలోకి చేరితేగానీ ఇంటాయనకు నిద్రపట్టదు. ఇక్కడ నువ్వు ఏ జిల్లా ఆఫీసు మెట్లూ ఎక్కక్కర్లేదు. మీ సొలిసిటరే స్టాంపు డ్యూటీ కట్టి (10 లక్షల యూరోల దాకా 1 శాతం), డీడ్‌ను టాల్టె ఏరన్‌కు పంపుతారు. భూముల రిజిస్ట్రేషన్, ఆస్తుల విలువ కట్టడం, సర్వే చూసే మూడు సంస్థలను 2023 మార్చి 1న కలిపి పెట్టినది అది. కౌంటీ ఊసు ఫోలియో నంబరులో మిగిలింది; ఫోలియో అంటే రిజిస్టరులో ఒక్కో ఆస్తికీ ఉండే పుట. మీరు కిల్డేర్‌లో కొంటున్నారు గనక కేఈ అని మొదలవుతుంది. చివర ఎఫ్ ఉంటే ఫ్రీహోల్డ్, ఎల్ ఉంటే లీజు.

మీది కొత్త ఎస్టేటు. బిల్డరు పెద్ద ఫోలియోలోంచి మీ ముక్క విడదీసి కొత్త ఫోలియో తెరవాలి కాబట్టి నెలలు గడిచిపోవచ్చు. కంగారుపడకు. దరఖాస్తు చేరగానే డీలింగ్ నంబరు పడుతుంది. పని ఎప్పుడు పూర్తయినా ఆ చేరిన రోజు నుంచే లెక్క.

మీ అమ్మకు ఇలా చెప్పు. 1908 చట్టం కింద మన సబ్ రిజిస్ట్రారు రాసుకునేది ఫలానావాళ్లు ఫలానా కాగితం రాసుకున్నారనే. అమ్మినవాడికి ఆ ఇంటి మీద నిజంగా హక్కుందా అన్నది ఆయన పూచీ కాదు. అందుకే మనకు ఈసీలు, లింకు డాక్యుమెంట్లు, తాతలనాటి కాగితాలు తవ్వడాలు. ఇక్కడ ఫోలియోలో ఎవరి పేరుంటే హక్కు వాళ్లదని ప్రభుత్వమే పూచీ పడుతుంది. బీరువాలో దాచుకునే కాగితమంటూ లేదు. పూర్వం ల్యాండ్ సర్టిఫికెట్ ఇచ్చేవారు. 2007 నుంచి మానేశారు, 2009 ఆఖరుతో పాతవాటికీ విలువ పోయింది. ఆంధ్రలో 2022 నాటి టైట్లింగ్ చట్టం ఇలాంటి పూచీయే ఇస్తానంది, 2024లో రద్దయింది. పూచీ చేదై కాదు. తగాదా వస్తే సివిల్ కోర్టుకెళ్లే దారి ఇరుకు చేస్తుంటే రైతు బెదరడా?

మన పద్ధతికి అన్నగారు ఇక్కడా ఉన్నాడు: రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్. 1707 చట్టంతో పుట్టి 1708లో తలుపులు తెరిచింది. దొంగ అమ్మకాలను ఆపడం పైకి చెప్పిన కారణం. భూమి కొనరాదని, 31 ఏళ్లకు మించి కౌలుకు తీసుకోరాదని అప్పటికే కట్టడిలో ఉన్న కాథలిక్కుల మీద కన్నేసి ఉంచడం రెండోది. దస్తావేజు సారాంశం రాసి తెచ్చి, సాక్షి ప్రమాణం చేస్తే, గుమస్తాలు లావాటి పుస్తకాల్లోకి ఎక్కించేవారు. మోయలేని బరువు, వాటికి సమాధి రాళ్లని పేరు. 1922లో ఫోర్ కోర్ట్స్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడినప్పుడు ఇవి హెన్రియెటా వీధిలో ఉండబట్టి బతికాయి.

హక్కుకు పూచీపడే రిజిస్టరు 1891 చట్టంతో వచ్చింది. సర్కారు అప్పుతో భూస్వాముల దగ్గర పొలాలు కొనుక్కున్న రైతులకు అందులో చేరడం తప్పనిసరి చేశారు. అందుకే ఇక్కడ అంతా తలకిందులు: పల్లెలో పొలం లెక్క తేట, డబ్లిన్‌లో పాతింటి లెక్క చిక్కుముడి. డబ్లిన్, కార్క్‌లలో ఇల్లు కొంటే రిజిస్టర్ చేయించక తప్పదన్నది 2011 జూన్ 1 నుంచే. రేపెప్పుడైనా డబ్లిన్ ఫిబ్స్‌బరోలో ఎర్రిటుకల పాతింటి మీద మనసైతే, అప్పుడు మీ అమ్మ లింకు డాక్యుమెంట్ల బుద్ధి అరువు తెచ్చుకో.

ఫోలియోలో మూడు భాగాలుంటాయి. మొదటిది ఆస్తి వివరం, దానితో పటం. పటంలోని గీత హద్దుకు తిరుగులేని సాక్ష్యం కాదు. మనలా తూర్పు ఇన్ని అడుగులు, పడమర ఇన్ని అడుగులు అని ఉండదు. పక్కింటాయనతో కంచె దగ్గర మాటామాటా వస్తే ఫోలియో పట్టుకుని వాదనకు దిగకు. మూడో భాగంలో బ్యాంకు అప్పు కనిపిస్తుంది, ఇతరులకు దారి హక్కుల్లాంటివీ ఉంటాయి. అప్పు తీరాక అది కొట్టేశారో లేదో నువ్వే చూసుకోవాలి.

నేను మరీమరీ చెప్పేది ఓనర్ల పేర్లుండే రెండో భాగం గురించి. మీ ఇద్దరి పేర్లూ ఊరికే ఉంటే జాయింట్ టెనెన్సీ: ఒకరు పోతే ఇల్లు మొత్తం రెండోవాళ్లది, వీలునామాలో ఏం రాసినా సరే. వాటాలు రాయిస్తే టెనెన్సీ ఇన్ కామన్, ఎవరి వాటా వాళ్ల వారసులకు. మీ నాన్న పొలం అమ్మి పంపిన డబ్బుంది కాబట్టి ఏది కావాలో అల్లుడితో ఇప్పుడే కూర్చుని మాట్లాడుకో. మొహమాటపడకు. చాలామంది దంపతులు సొలిసిటరు అడిగినదానికల్లా తలూపి వచ్చేస్తారు, అది నాకు బొత్తిగా నచ్చదు. అల్లుడి ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో డీడ్‌లోనూ అలాగే ఉండాలి. పొట్టి అక్షరాలతో సరిపెట్టనివ్వకు.

ఓనరు చిరునామా కూడా అక్కడే ఉంటుంది. నోటీసులు దానికే వస్తాయి. అద్దె ఇంటి చిరునామాతో కొని, తర్వాత మార్చడం మరిచిపోయేవాళ్లు బోలెడుమంది. ప్రాపర్టీ అలర్ట్ ఉచితం, చేరిపో. మీ ఫోలియో మీద ఎవరైనా దరఖాస్తు పెడితే ఈమెయిల్ వస్తుంది. రిజిస్ట్రేషన్ అయ్యాక ల్యాండ్‌డైరెక్ట్ వెబ్‌సైటులో 5 యూరోలు కట్టి కాపీ తీసి నాకూ పంపు, రెండో భాగం నేనూ ఒకసారి చూస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ